మంచు తోసే మిషను, చీనీ తోటలో వీడరు: పెట్రోలు దగ్గర రెండుసార్లు తిన్న దెబ్బ

మా అనంతపురం జిల్లాలో ఏడాది పొడుగునా పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదీ పడిన ఏడు లెక్క. నేను పుట్టింది, పిల్లలకు సైన్సు చెప్పింది, రిటైరైంది అన్నీ ఈ ఎండల్లోనే. మంచు అంటే నాకు తెలిసిందల్లా ఫ్రిజ్‌లో పైగూటి గోడలకు పేరుకునే తెల్ల పొర. అలాంటివాణ్ని పోయిన డిసెంబరులో ఒక పొద్దున డెట్రాయిట్ పక్కన మా అబ్బాయి ఇంటి తలుపు తీసి చూస్తే, రాత్రికి రాత్రి 8 అంగుళాల మంచు పడి ఉంది. కారు ఎక్కడుందో అద్దాన్ని బట్టి కనుక్కోవాల్సి వచ్చింది.

మూడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉన్నవాణ్ని కదా, ముందు నా బుర్రలో తిరిగింది నీళ్ల లెక్క. 10 అంగుళాల మంచు కరిగితే ఇంచుమించు 1 అంగుళం నీళ్లు. అంటే ఇంత ఆర్భాటంగా పడింది ముప్పాతిక అంగుళం పైచిలుకు వాన. మా దగ్గర అయితే విత్తనానికి ఒక పదును, అంతే. దానికే అక్కడ బడులకు సెలవిచ్చేశారు.

మనవరాలు పుట్టిందని నేనూ మా ఆమె నవంబరులో పోయాం. అక్కడ ఇంటి ముందు నుంచి రోడ్డు దాకా కారు దారి ఉంటుంది. మంచు పడినప్పుడల్లా అది ఇంటివాళ్లే తీసుకోవాలి, ముందున్న కాలిబాటతో సహా. అబ్బాయి పార పట్టుకుని బయల్దేరాడు. గరాజ్‌లో మూలన గుడ్డ కప్పి ఒక మిషను ఉంది. ఏందిరా అది అంటే స్నో బ్లోవర్ అన్నాడు. ఇల్లు కొన్న ఏడాది, ఊరు వదిలి పోతున్నవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాడట.

గుడ్డ తీసి చూస్తే నవ్వొచ్చింది. కలుపు తీసే మా పవర్ వీడర్‌కు పినతండ్రి కొడుకులా ఉంది. అదే చిన్న పెట్రోలు ఇంజను, అదే తాడు, అదే చోక్, రెండు చేతులతో పట్టుకునే అదే హ్యాండిల్. మా వీడర్ ముందు భాగంలో మట్టిని తిరగేసే బ్లేడ్లు ఉంటే, దీనికి 21 అంగుళాల వెడల్పు పెట్టెలో తిరిగే రబ్బరు రెక్కలున్నాయి. ఆ రెక్కలు నేలకు తగులుతూ మంచును లోపలికి లాక్కుని, పైనున్న గొట్టం గుండా పక్కకు విసిరేస్తాయి. ఇందులో పెద్ద రకాలు కూడా ఉన్నాయట. వాటికి ముందు ఇనప స్క్రూ, దాని వెనక మంచును విసిరే ఇంకో ఫ్యాను, సొంతంగా నడిచే చక్రాలు ఉంటాయి. మా వాడిది చిన్నది, ఒక్క అంచెది. రెండు కార్లు పెట్టుకునే దారికి అది చాలు.

చాలు సరే, స్టార్ట్ అవ్వాలి కదా. బయట మైనస్ 12 డిగ్రీలు. స్వెటర్ మీద కోటు, దాని మీద ఇంకో కోటు వేసుకుని తాడు లాగడం మొదలుపెట్టాను. పది సార్లు, ఇరవై సార్లు. చోక్ వేసి, చోక్ తీసి. ఇంజను కనీసం దగ్గలేదు. అంత చలిలో కోటు లోపల చెమట.

"ఇడ్సిపెట్టు నాయనా, భుజం పట్టేస్తాది. పారతో తీస్తాలే" అన్నాడు మావాడు.

అప్పుడే పక్కింటి పెద్దాయన తన దారి శుభ్రం చేసుకుని, అట్లే మా వైపు వచ్చాడు. డెబ్భై దాటి ఉంటాయి. ఇంజను వైపు కూడా చూడలేదు. మావాణ్ని అడిగిన మొదటి మాట: "ఇందులో పెట్రోలు ఎప్పటిది?"

మావాడు నా వైపు చూశాడు, నేను మావాడి వైపు చూశాను. పోయిన మార్చిలో ఆఖరిసారి వాడింది. అంటే ట్యాంకులో ఉన్నది తొమ్మిది నెలల నాటి పెట్రోలు. పెద్దాయన మూత తీసి మమ్మల్ని వాసన చూడమన్నాడు. మామూలు పెట్రోలుకుండే ఘాటు లేదు. పాత వార్నిష్ డబ్బా మూత తీస్తే వచ్చే పుల్లటి వాసన.

"కొత్తది ఉందంకుల్, మొన్ననే తెచ్చినా" అని మావాడు ఎర్ర క్యాన్ చూపించాడు. ఆయన రెండో ప్రశ్న వేశాడు: "ఏ బటన్ నొక్కి పట్టావు?"

అక్కడ బంకుల్లో పోసేవాళ్లు ఉండరు, మనమే పట్టుకోవాలి. పంపు మీద 87, 88, 91, 93 అని బటన్లుంటాయి. మావాడు 88 పట్టాడు. 87 కంటే నంబరు ఎక్కువ, ధర చూస్తే నాలుగు పైసలు తక్కువ. ఎవరైనా అదే నొక్కుతారు, నేనైనా నొక్కేవాణ్నే. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఆ 88లో 15 శాతం దాకా ఇథనాల్, అంటే ఒక రకం ఆల్కహాలు, ఉంటుంది. 87లో ఉండేది 10 శాతం దాకా. ఇథనాల్ కలిస్తే ఆక్టేన్ నంబరు (బటన్ల మీద రాసేది అదే) పెరుగుతుంది, అందుకే ఆ ఒక్క పాయింటు. 2001 నుంచి వచ్చిన మోడల్ కార్లకు ఆ 15 శాతం ఇథనాల్ పెట్రోలు పోసుకోవచ్చని అక్కడి పర్యావరణ సంస్థ అనుమతి ఉంది. మోటారు సైకిళ్లు, పడవలు, ఇలాంటి చిన్న ఇంజన్లకు పోయకూడదని పంపు మీదే స్టిక్కరు ఉంటుందట. తర్వాత వారం కూరగాయలకు పోతూ బంకు దగ్గర ఆపించి మరీ చూశాను. ఉంది. నారింజ రంగు స్టిక్కరు, నా అరచేయంత. మావాడు ఏడాదిగా దాని ముందే నిలబడి పెట్రోలు పట్టుకుంటున్నాడు.

ఆ రోజు పెద్దాయన పని చేసిన తీరు నాకు బాగా గుర్తుండిపోయింది. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటర్ కింద గిన్నెలాంటి బౌల్ ఉంటుంది, దాని అడుగున ఒకటే బోల్టు. కింద పాత డబ్బా పెట్టి ఆ బోల్టు వదులు చేశాడు. టీ డికాషన్ రంగులో చెంచాడు ద్రవం కారింది. ట్యాంకులోది కూడా మొత్తం దించేశాడు. తన గరాజ్ నుంచి చిన్న క్యాన్ తెచ్చి అర లీటరు పోశాడు. చోక్ పూర్తిగా వేసి, పక్కనున్న రబ్బరు బుడ్డిని మూడుసార్లు నొక్కి, తాడును మెల్లగా లాగుతూ గట్టిగా తగిలే చోట ఆగి, అక్కణ్నుంచి ఒక్క గుంజు గుంజాడు. మూడో గుంజుకు స్టార్ట్ అయ్యింది. నేను ముప్పై సార్లు లాగింది బలం చాలక కాదన్నమాట.

ఇంజను నడవడం మొదలైతే ఇక మిగతాది మనకు చేతైన పనే. గుంటక తోలినవాడికి సాళ్లు పట్టుకుని పోవడం నేర్పాలా? కాకపోతే నేలకు, మంచుకు కొన్ని తేడాలున్నాయి. మొదటిది గాలి. గాలికి ఎదురుగా గొట్టం తిప్పి పెట్టి మొదటి సాలు పోయాను. మంచంతా తిరిగొచ్చి నా మొహానే పడింది, కళ్లద్దాలు తెల్లగా అయిపోయాయి. లోపల కిటికీ దగ్గర మనవరాల్ని ఎత్తుకుని నిలబడ్డ మా ఆమె అంతలా నవ్వడం నేను ఈ మధ్య చూడలేదు. రెండోది, ఇంజను ఎప్పుడూ ఫుల్ రేజ్‌లోనే ఉండాలి. మంచు దట్టంగా ఉంటే నడక నెమ్మది చేసుకోవాలి కానీ రేజ్ తగ్గించకూడదు. తగ్గిస్తే మంచు గొట్టంలోంచి బయటికి ఎగరక అక్కడే గడ్డకడుతుంది.

అందరికంటే మొండిది రోడ్డు అంచున ఉండే కుప్ప. మున్సిపాలిటీ లారీ ముందు పెద్ద రేకు కట్టుకుని రోడ్డు మీద మంచును తోసుకుంటూ పోతుంది. ఆ తోసిందంతా తెచ్చి సరిగ్గా ఇంటి దారి మొదట్లో గట్టులా పోసి పోతుంది. మనం గంటసేపు శుభ్రం చేసి చేతులు దులుపుకునేసరికి లారీ వస్తుంది. ఇది ఏ దేశంలోనైనా ఒకటేలా ఉంది: మనం ఇంటిముందు ఊడ్చుకోగానే చెత్త బండి పోతూ పోతూ రాల్చి పోయినట్టు. ఆ కుప్పలో ఉప్పు, బురద, నీళ్లు కలిసి బరువుగా ఉంటుంది. అక్కడ సగం వెడల్పుతోనే కొంచెం కొంచెంగా తినిపించాలి.

అక్కడే నేను ఒక తప్పు చేయబోయాను. గొట్టం మూసుకుపోయింది. ఇంజను ఆపేశాను. ఆపేశాను కదా అని చేయి లోపల పెట్టబోతుంటే పెద్దాయన అవతలి నుంచి అరిచిన అరుపుకు చేయి అక్కడే ఆగిపోయింది. ఇంజను ఆగినా రెక్కల్లో, బెల్టులో బిగుసుకున్న బలం మిగిలే ఉంటుందట. అడ్డం తీసేసిన క్షణంలో అది ఒక్క తిప్పు తిరుగుతుంది, వేళ్లు పోతాయి. తాళంచెవి తీసి జేబులో వేసుకుని, మిషనుకే తగిలించి ఉన్న ప్లాస్టిక్ కర్రతో పొడవాలి. ఆ కర్రను అన్ని రోజులూ నేను అలంకారం అనుకున్నాను.

పని అయిపోయాక కూడా ఒక ఐదు నిమిషాలు ఇంజనును బయట అట్లే నడవనిచ్చి ఆపేవాళ్లం, రెక్కల మీద తడి మంచు ఎగిరిపోవాలని. లేకపోతే తెల్లారేసరికి రెక్కలు పెట్టెకు అతుక్కుపోతాయి. గరాజ్ లోపల మాత్రం ఒక్క నిమిషం కూడా నడపకూడదు, తలుపు తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవని బడిలో ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ని, చలికి భయపడి లోపలే స్టార్ట్ చేద్దామా అని నేనే అన్నాను.

పెట్రోలు విషయంలో మావాడు, నేను రెండు సాయంత్రాలు కూర్చుని వాదించుకున్నాం. అక్కడ ఎంచుకోవడానికి చాలా ఉన్నాయి. ఇథనాల్ అసలు లేని పెట్రోలు కొన్ని బంకుల్లో విడిగా దొరుకుతుంది, గాలను ధర ఎక్కువ. హార్డ్‌వేర్ దుకాణాల్లో సీలు వేసిన డబ్బాల్లో కూడా అమ్ముతారు. లీటరు కూడా నిండని డబ్బా ఏడెనిమిది డాలర్లు. అదే డబ్బుతో బంకులో రెండు గాలన్లు, అంటే ఏడు లీటర్ల పైన వస్తుంది. మావాడు ఐటీవాడు కదా, వాడి లెక్క ప్రకారం ఖరీదైనది మంచిది, 93 కొడదాం అంటాడు. నేను ఒప్పుకోలేదు. ఆక్టేన్ నంబరు అంటే పెట్రోలు బలం కాదు. సిలిండరులో ఒత్తిడికి తనంతట తాను ముందే అంటుకోకుండా ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే కొలత. ఇలాంటి చిన్న ఇంజన్లలో ఒత్తిడే తక్కువ, వాటికి 87 సరిపోతుంది.

ఈ 87 చూసి నేనూ మొదట కంగారుపడ్డాను. మన దగ్గర ఈమధ్య దాకా మామూలు పెట్రోలే 91 కదా, అమెరికాలో ఇంత నాసిరకమా అని. తర్వాత తెలిసింది కొలిచే పద్ధతి వేరని. రెండు రకాల పరీక్షల సగటు వాళ్లు రాస్తారు, అందులో ఒకదాని ఫలితం మనం రాస్తాం. వాళ్ల 87, మన పాత 91 ఇంచుమించు ఒకటే.

చివరికి ఇలా తేల్చుకున్నాం: 10 శాతం ఇథనాల్ ఉండే మామూలు 87, అదీ ఒక గాలను క్యాన్‌లోనే. పట్టుకొచ్చిన రోజే అందులో స్టెబిలైజర్, అంటే పెట్రోలు త్వరగా చెడకుండా ఆపే మందు, కలపాలి. నెల దాటి మిగిలింది కారులో పోసేయాలి. మార్చిలో ఆఖరి మంచు అయ్యాక ట్యాంకు దించేసి, ఆ సీలు డబ్బా ఒక్కటి కొని పోసి పది నిమిషాలు నడిపి పెట్టాలి. ఇంకో సంగతి పెద్దాయన చెప్పాడు, నాకు అది కొత్త. అక్కడ చలికాలంలో అమ్మే పెట్రోలు వేరుగా ఉంటుందట. తేలిగ్గా ఆవిరయ్యే భాగం ఎక్కువ కలుపుతారు, చలిలో స్టార్ట్ అవ్వాలని. కాబట్టి ఎండాకాలంలో పట్టిన క్యాన్ శుభ్రంగా ఉన్నా సరే, చలికాలంలో సతాయిస్తుంది. ఇంజన్ ఆయిల్ కూడా అంతే, చలికి చిక్కబడని 5డబ్ల్యూ-30 రకం పోయాలి. మా తోటలో వీడరుకు పోసేది ఆ చలిలో పోస్తే తాడే కదలదు.

ఏప్రిల్ ఆఖర్లో తిరిగొచ్చాం. బెంగళూరులో దిగి, అనంతపురం చేరేసరికి మధ్యాహ్నం రెండు. 42 డిగ్రీలు. మరుసటి రోజు పొద్దున్నే నార్పల దగ్గర తోటకు పోయాను. ఆరు నెలలు నేను లేను, మార్చిలో ఒక అకాల వాన పడిందట. చెట్ల నడుమ గరిక, తుంగ, వయ్యారిభామ కలిసి నడుముదాకా లేచి ఉన్నాయి. షెడ్డులో పవర్ వీడర్ టార్పాలిన్ కింద పద్ధతిగా ఉంది. పోయేముందు పైపు పెట్టి శుభ్రంగా కడిగి, తుడిచి కప్పి పోయాను. అందుకు నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను కూడా.

తాడు లాగాను. పది సార్లు, ఇరవై సార్లు.

తోట చూసుకునే ఆయన పక్కన నిలబడి, "ఏమయివారూ, అమెరికా పోయొచ్చినా అదే కథనా?" అన్నాడు. డెట్రాయిట్‌లో మావాడికి నేను చేసిన ఉపదేశాలన్నీ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. మంచు మిషనులో పాత పెట్రోలు పెట్టినందుకు వాణ్ని తిట్టిన ఆ డిసెంబరులోనే, నా వీడరు ట్యాంకులో సగం దాకా పెట్రోలు కూర్చుని ఉంది.

బోల్టు సంగతి ఇప్పుడు తెలుసు కాబట్టి నేనే విప్పుదామనుకున్నాను. అది తుప్పు పట్టి రాలేదు. ఆటోలో వేసుకుని అనంతపురంలో మెకానిక్ దగ్గరికి తెచ్చాను. కుర్రాడు బౌల్ విప్పి నా చేతిలో పెట్టాడు. అడుగున మజ్జిగ తేటలా మసక నీళ్లు, అంచుల్లో ఆకుపచ్చ చిలుము, పైన పలచగా పెట్రోలు. పెట్రోలు పోయే జెట్ రంధ్రం గుండుసూది మొన కంటే సన్నం, అది పూర్తిగా పూడిపోయింది. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు వేలితో నొక్కితే పగుళ్లు కనిపించాయి.

"ఈ20 సార్, అంతా దాని పుణ్యమే. దినానికి నాలుగు ఇట్లాంటివే వస్తాండాయి" అన్నాడు.

ఈ మాట ఇప్పుడు అందరి నోటా ఉంది. పెట్రోల్లో పది శాతం ఇథనాల్ కలపడం 2022 జూన్‌కే దేశమంతా పూర్తయింది, ఇరవై శాతం కలిపిన పెట్రోలు, అదే ఈ20, 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై ఇప్పుడు ఎక్కడికి పోయినా అదే. నా వీడరుతో ఇచ్చిన పుస్తకంలో 10 శాతం దాకా అని ఉంది. కాబట్టి మెకానిక్ మాటలో నిజం లేకపోలేదు. కానీ నాకు ఒకటి అర్థం కాలేదు. ఈ ఎండల దేశంలో బౌల్‌లోకి అన్ని నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయి? ఇథనాల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, నిజమే. కానీ ఇన్నా? అడిగితే కుర్రాడు ట్యాంకు మూత తిప్పి చూపించాడు. మూతకు గాలి పోవడానికి సన్నటి రంధ్రం ఉంటుంది. "పైపు పెట్టి కడిగినారా సార్?" అన్నాడు. శభాష్ అని చెప్పుకున్న పని అదే.

ఇంటికొచ్చాక ఊరుకోలేకపోయాను. పాత ట్రంకు పెట్టెలో బడి నాటి కొలజాడీ ఒకటి ఉంది, గాజుది, 250 మిల్లీలీటర్లది. మిద్దె మీదికి, గాలి ఆడే చోటికి, పొయ్యికి దూరంగా పోయి అందులో 100 మిల్లీలీటర్ల కొత్త పెట్రోలు పోశాను. పైన 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూతి బిగించి ఊపి, పక్కన పెట్టాను. కాసేపటికి రెండు పొరలుగా విడిపోయింది. నీళ్లు పోసింది 10, కింది పొర చూస్తే 30కి కొంచెం కింద నిలిచింది. మిగతాది ఎక్కడిదంటే, పెట్రోల్లో ఉన్న ఇథనాల్ దాదాపు అంతా పెట్రోలును వదిలి నీళ్లతో కలిసి కిందికి దిగింది. నా వీడరు బౌల్లో జరిగింది సరిగ్గా ఇదే. జెట్ పీల్చుకునేది అడుగు నుంచే కాబట్టి, ఇంజనుకు అందింది పెట్రోలు కాదు, సారాయి కలిసిన నీళ్లు. పైన మిగిలిన పెట్రోలు కూడా మంచిది కాదు, ఇథనాల్ తెచ్చిపెట్టిన ఆక్టేన్ దానితోనే దిగిపోయింది.

అందుకని నేను ఈ20ని ఒక్కదాన్నే తిట్టను. చుక్క రెండు చుక్కల నీళ్లు పడితే ఇథనాల్ తనలో కలుపుకుని ఇంజనులో కాలిపోనిస్తుంది కూడా. హద్దు దాటితేనే ఇట్లా విడిపోతుంది. ఆ హద్దు దాటించింది నా పైపు. పాత పెట్రోలైనా నీళ్లు అడుగున చేరేవే. కాకపోతే 10 చుక్కల నీళ్లు 10 చుక్కలుగానే ఉండేవి, 30 అయ్యేవి కాదు. రోజూ నడిచే బైకుకు ఇవేవీ పట్టవు, వారం తిరక్కుండానే ట్యాంకులో పెట్రోలు మారిపోతుంది. ఏడాదికి ఇరవై రోజులు పని చేసి మిగతా రోజులు మూలన కూర్చునే మిషన్లకే ఈ తిప్పలన్నీ.

ఖర్చు కార్బొరేటర్ శుభ్రానికి, కొత్త పైపుకు, ప్లగ్గుకు కలిపి తొమ్మిది వందలైంది. దానికంటే కలుపుకు కూలీలను పెట్టిన నాలుగు రోజుల ఖర్చు ఎక్కువ.

హైదరాబాదులో ఉండే మా తమ్ముడికి ఈ కథ చెబితే, వంద ఆక్టేన్ పెట్రోలు పంపిస్తా అన్నాడు. వద్దన్నాను. డెట్రాయిట్‌లో మావాడితో చేసిన వాదనే మళ్లీ చేయాల్సి వచ్చింది. ఇక్కడ మనకున్న ఈ20 ఆక్టేన్ 95, వీడరుకు అదే ఎక్కువ. అక్కడిలా నాలుగు బటన్లు మా ఊరి బంకులో లేవు. ఉన్న ఒక్క పెట్రోల్లో ఎంచుకోవడానికి మిగిలింది ఎంత కొంటాం, ఎన్నాళ్లు ఉంచుతాం అన్నదే.

కొనడంలోనూ ఇబ్బంది ఉంది. బంకులో నీళ్ల సీసా చాపితే పొయ్యము అన్నారు. అన్నది న్యాయమే, ప్లాస్టిక్ సీసా పెట్రోలుకు కాదు. ఊళ్లో ఎక్కువమంది బైకు ట్యాంకులోంచి సన్న పైపుతో లాక్కుని వాడతారు. నోటితో పీల్చి సగం మింగినవాళ్లనూ చూశాను. నేను ఐదు లీటర్ల ఇనప క్యాన్ కొన్నాను, అందులో రెండు లీటర్లకు మించి పట్టను. మూత మీద పట్టిన తేదీ మార్కర్‌తో రాస్తాను. ఎండలో పెట్టను, మన ఎండకు మూత బిగువు లేకపోతే తేలికైన భాగమంతా ఆవిరై పోయి, మిగిలింది ప్లగ్గుకు అంటుకోదు. పోసేటప్పుడు ఇంజను చల్లారేదాకా వేపచెట్టు కింద కూర్చుంటాను. తోటాయనకు ఇది నచ్చలేదు. "అంతసేపట్లో ఒక సాలు పోతుంది కదయివారూ" అంటాడు. వేడి సైలెన్సర్ మీద ఒలికితే సాలూ పోతుంది, మనమూ పోతాం అన్నాను.

గడ్డి కోసే మిషను సంగతి వేరే చెప్పాలి. అది టూ స్ట్రోక్, ఇంజనులో విడిగా ఆయిల్ ఉండదు. దానికి పెట్రోల్లో టూటీ ఆయిల్ కలిపే పోయాలి, నాది లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున. లూనా, చేతక్ నడిపిన నా ఈడువాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. ఇప్పటి పిల్లలకు తెలియదు. పక్క తోటలో ఒకాయన కొత్తగా కొన్న మిషనులో కూలి పిల్లోడు వీడరు క్యాన్‌లోని ఉత్త పెట్రోలు పోశాడు. బాగానే స్టార్ట్ అయ్యింది, ఇంకా చురుగ్గా తిరిగిందట కూడా. పావుగంటకు కీచుమని ఆగిపోయింది. విప్పితే పిస్టను పక్కల గీతలు, దువ్వెనతో గీసినట్టు. సగం ధర పెట్టి సిలిండరు మార్చుకున్నాడు. అప్పట్నుంచి మా షెడ్డులో ఆయిల్ కలిపిన క్యాన్‌కు ఎర్ర గుడ్డ కట్టి ఉంటుంది, రెండింటినీ పక్కపక్కన పెట్టము.

మొన్న ఆదివారం చీనీ చెట్ల నడుమ సాళ్లు పూర్తి చేశాం. పాదుల్లోకి వీడరు పోనివ్వను, చీనీ వేళ్లు పైపైనే ఉంటాయి, తెగుతాయి. అక్కడ చేత్తోనే తీయించాను. పని అయ్యాక పెట్రోలు కాక్ మూసేసి, ఇంజనును దానంతట అది ఆగేదాకా నడవనిచ్చాను. ఆఖర్లో రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగింది. బౌల్ బోల్టు, ఈసారి కొంచెం గ్రీజు పూసి ఉంచాను కాబట్టి, తేలిగ్గానే వచ్చింది. అడుగున ఒక చుక్క మిగిలితే వేలితో తీసి చూశాను, మసక లేకుండా ఉంది. కడగడం మాత్రం లేదు, పాత బనియన్‌తో తుడిచాను.

ట్యాంకులోంచి దించింది లీటరున్నర. దాన్ని సాయంత్రం మా ఆమె స్కూటర్‌లో పోస్తుంటే అబ్బాయి ఫోను. అక్కడ ఇప్పుడు ఎండాకాలం. స్నో బ్లోవర్ మూలన పెట్టాడట.

"దించినావా?" అన్నాను.

"దించినా నాయనా. నువ్వు?"